నాలుగో చప్పుడు

మిషన్ల గది,
జూన్ 3

బాబాయ్‌కి నమస్కారాలు.

మీరు ఏప్రిల్లో వచ్చి శుభ్రం చేసి వెళ్ళిన కంప్యూటర్ నిన్న మధ్యాహ్నం చచ్చిపోయింది. ముందు మూలగలేదు, దగ్గలేదు. ప్లాటర్ పెద్ద కాగితం మీద నర్సుల కోటు చెయ్యి గీస్తూ మోచేతి దాకా వచ్చి ఆగిపోయింది. చూస్తే కంప్యూటర్ తెర నల్లగా ఉంది. మళ్ళీ నొక్కితే లేచింది, ఇరవై నిమిషాలు బుద్ధిగా పనిచేసింది, మళ్ళీ పోయింది. నాలుగోసారి లేచినప్పుడు ప్యాట్రన్లు దాచిన ఫోల్డర్ తెరుచుకోనంటే తెరుచుకోనంది.

పదకొండేళ్ళ పని బాబాయ్. నేను కటింగ్ మొదలుపెట్టినప్పటి నుంచి గీసిన ప్రతి కాలరు, ప్రతి జేబు అందులోనే ఉన్నాయి. పాత అట్ట కాగితాలన్నీ కంప్యూటర్ వచ్చిన ఏడాదే అవతల పారేశాం. రెండు ఆస్పత్రుల యూనిఫారాలు ఆగస్టు రెండో వారానికి ఇవ్వాలి. ఇప్పుడు నా దగ్గర మిగిలింది కత్తెర ఒక్కటే.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో చెప్తాను. మిషన్ల మోతలో ఫోన్లో మాట్లాడాలంటే అరవాలి, అరిస్తే అందరూ వింటారు. ఇంట్లో మాకూ మా మరిది వాళ్ళకీ మధ్య చెక్క గోడ. మీరేమో మెసేజీలు చూడడం మానేశారు. నేను చెప్పబోయేది గోడ అవతలి మనిషి గురించే. మా తోడికోడలు, మన చిన్నది.

నిన్న కంప్యూటర్ ఆగిన గంటకి నేను గుడ్డల కట్టలు చూసుకుని వచ్చేసరికి చిన్నది కంప్యూటర్ కేబినెట్ పక్కన మోకాళ్ళ మీద కూర్చుని ఉంది. చేతిలో స్క్రూడ్రైవర్! నన్ను చూసి ఉలిక్కిపడింది. "ఏం చేస్తున్నావమ్మాయ్?" అంటే, "ఏం లేదక్కా, ఊరికే చూద్దామని" అంది. ఊరికే స్క్రూడ్రైవర్ పట్టుకుని చూసేవాళ్ళు ఉంటారా? కంప్యూటర్ మీద రోజూ కూర్చునేది తనే. పైగా వీధి చివర ఖాళీ గది అద్దెకి అడిగిందని కాజాలు కుట్టే ఆవిడ చెప్పింది. గది ఎందుకో, నా ప్యాట్రన్లు పోవడం ఎందుకో, మీరే లెక్క కట్టండి.

ఏం చూడాలో, ఎలా చూడాలో రాయండి. మీ మాట మీదే నడుస్తాను.

మీ
సూది

*

రిపేరు బల్ల,
జూన్ 9

సూదీ,

ఆశీస్సులు. నీకు చిన్నప్పుడు ఆ పేరు పెట్టినందుకు ఇప్పుడు నన్నే గుచ్చుతున్నావు. మనుషుల్ని అనుమానించే ముందు తీగల్ని అనుమానించు. మా పనిలో మొదటి పాఠం అదే.

రెండో పాఠం: ఒకసారికి ఒక్కటే మార్చు. రెండు మార్చావంటే ఏది కుదిర్చిందో, ఏది చెడగొట్టిందో బ్రహ్మకి కూడా తెలియదు. ఒక నోటుబుక్కు పెట్టుకో. ఎన్ని గంటలకి పెట్టావు, ఎన్ని గంటలకి ఆగింది, ఆగేముందు ఏం చేస్తున్నావు, అన్నీ రాయి.

ముందు ప్లగ్గు. గోడ స్విచ్చు మార్చి చూడు. కుట్టుమిషన్లున్న లైను మీద కాకుండా వేరే లైను మీద పెట్టు. తరువాత కరెంటు తీసేసి, పక్క రేకు విప్పి, లోపల చీటీలాగా నిలబడి ఉండే పలక, ర్యామ్, బయటికి తీసి దాని బంగారురంగు అంచుని పిల్లల రబ్బరుతో మెల్లగా రుద్దు. మళ్ళీ పెట్టేటప్పుడు రెండు చెవులూ మూసుకునేదాకా నొక్కు. ఆ మీదట హార్డ్ డిస్కు తీగ పీకి మళ్ళీ గుచ్చు. ప్రతి పనికీ మధ్య ఒక పూట వదులు.

చూడనక్కర్లేనిది ఒకటుంది. మధ్యలో ఉన్న ఫ్యానూ దాని కింద అల్యూమినియం దిమ్మా. దాని జోలికి పోకు. అది ఏప్రిల్లో నేను విప్పి, పాత పేస్టు గీకి, కొత్తది రాసి, నా చేత్తో బిగించింది. ముప్పై నాలుగేళ్ళుగా బిగిస్తున్నాను.

చిన్నది చురుకైన పిల్ల. ఇంట్లో గొడవ పెట్టుకోకు.

బాబాయ్

*

మిషన్ల గది,
జూన్ 15

బాబాయ్‌కి,

నోటుబుక్కు పెట్టాను. ఇరవై ఒక్క నిమిషాలు, పంతొమ్మిది, ఇరవై రెండు, ఇరవై. ప్లగ్గు మార్చినా అంతే, మావాడి రబ్బరు సగం అరగదీసినా అంతే, డిస్కు తీగ గుచ్చినా అంతే. ఒక వింత కూడా గమనించాను. ఆగిన వెంటనే మళ్ళీ పెడితే అయిదు నిమిషాలకే పోతుంది. గంటసేపు వదిలేసి పెడితే మళ్ళీ ఇరవై నిమిషాలు ఉంటుంది. మనిషికి ఆయాసం వచ్చినట్టుంది దీని వరస.

ఇక అసలు సంగతి. నేను చేసింది తప్పే, ముందే ఒప్పుకుంటాను. మొన్న చిన్నది గుండీల కోసం బజారుకెళ్ళినప్పుడు కుర్చీకి తగిలించిన సంచి వెతికాను. అడుగున చేతిరుమాల్లో చుట్టి ఒక పెన్‌డ్రైవ్ ఉంది. పక్క వీధిలో జిరాక్సు షాపుకి తీసుకెళ్ళి తెరిపించాను. బాబాయ్, నా ప్యాట్రన్లన్నీ అందులో ఉన్నాయి! ఒకటి రెండు కాదు, పదకొండేళ్ళవీ ఉన్నాయి. ఏ రోజుకారోజు తారీఖు వేసి దాచుకుంది. మొదటి తారీఖు ఏప్రిల్ పద్దెనిమిది. అంటే మీరు వచ్చి వెళ్ళిన మర్నాడే.

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, నేను పట్టాను. ప్యాట్రన్లు దొరికాయని సంతోషించాలో, అవి ఎక్కడ దొరికాయో తలుచుకుని ఏడవాలో తెలియలేదు. తను ఇంట్లోకి వచ్చి ఆరేళ్ళు. మావాణ్ణి తనే స్కూలుకి దింపుతుంది. నాకు జ్వరమొస్తే నా చెమట గుడ్డలు తనే ఉతికింది. అలాంటిది ఇలా చేసింది.

నా ఊహ ఇది. మీరు ఆ రోజు లోపల పని చేస్తుంటే పక్కనే నిలబడింది. ఎక్కడ ఏం కదిలిస్తే యంత్రం పోతుందో చూసి నేర్చుకుంది. కాపీలన్నీ తీసుకున్నాక అసలు దాన్ని చెడగొట్టింది. ఆ రోజు మిమ్మల్ని ఏమైనా అడిగిందా? గుర్తు తెచ్చుకుని రాయండి. పెన్‌డ్రైవ్ నా బీరువాలో పెట్టి తాళం వేశాను. పోయిందని తనకి తెలిసినట్టే ఉంది, కాని నోరెత్తి అడగలేదు. దొంగ కాకపోతే అడగదూ?

మళ్ళీ ఎవరూ చెయ్యి పెట్టకుండా కేబినెట్‌కి సీలు వేశాను.

మీ
సూది

*

రిపేరు బల్ల,
జూన్ 22

సూదీ,

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. చీమ తలకాయంత అక్షరాలు రాస్తావు, కాస్త పెద్దగా రాయకూడదూ?

చిన్నది ఆ రోజు ఏమీ అడగలేదు. పక్కన నిలబడింది, అంతే. చురుకైన పిల్లే, చూస్తే చాలు నేర్చుకునే రకం. ఎవరు చేశారో ఇంత దూరం నుంచి నేను చెప్పలేను. అయినా ఎవరూ ఏమీ చేయకుండా కూడా యంత్రాలు పోతాయి, ఆ పిల్ల చేసిందని మాత్రం నేను అననే అనను.

ప్యాట్రన్లు దొరికాయి కదా, కొత్త డిస్కులో వేసుకుని పని చేసుకో. కంప్యూటర్ని వదిలేయ్. మళ్ళీ నేనొచ్చినప్పుడు చూస్తాను. ఇప్పుడిప్పుడే రాలేను, చేతి నిండా పని.

బాబాయ్

*

వంటగది బల్ల మీద,
జూలై 2

బాబాయ్‌కి,

చెప్పకపోతే నాకు ఊపిరాడదు కాబట్టి ముందే చెప్తున్నాను. చిన్నది వెళ్ళిపోయింది.

ఆదివారం అందరం కూర్చున్నాం. మీ అల్లుడు, మా మరిది, నేను, తను. పెన్‌డ్రైవ్ బల్ల మీద పెట్టాను. మా మరిది మొహం మాడిపోయింది. "ఇదేంటి, ఎందుకు తీశావ్?" అని భార్యని అడిగాడు. తను పెన్‌డ్రైవ్‌ని నా వైపు జరిపింది. "నేను దొంగతనం చెయ్యలేదు. అంతకంటే నన్నేమీ అడక్కండి" అంది. "అడక్కండి అంటే ఎలా? నువ్వు చెప్పకపోతే మేమేం అనుకోవాలి?" అని మీ అల్లుడు కసిరాడు. తను నా వైపు చూసింది. ఆ చూపు నాకింకా అర్థం కావట్లేదు.

అప్పుడు నేను మీ ఉత్తరం తీసి చదివాను. "చురుకైన పిల్లే, చూస్తే చాలు నేర్చుకునే రకం. ఎవరు చేశారో ఇంత దూరం నుంచి నేను చెప్పలేను." అక్కడితో మడత పెట్టేశాను. కింది వాక్యం చదవలేదు. అబద్ధమైతే ఆడలేదు కదా అని నాకు నేను చెప్పుకున్నాను. మీకు చెప్పకుండా దాచలేకపోతున్నాను.

మీ ఉత్తరం విన్నాక చిన్నది ఒక్క మాటే అంది. "బాబాయ్ గారు అలా రాశారా?" అంది. రాశారన్నాను. లేచి లోపలికెళ్ళి బట్టలు సర్దుకుంది. ఇప్పుడు వాళ్ళ చెల్లెలింట్లో ఉంది. మా మరిది వర్కుషాపుకి వస్తున్నాడు కాని అన్నతో మాట్లాడడు, నా చేతి టీ తాగడు. వాటాలు పంచుకుందామంటున్నాడు. ఇరవై రెండు మిషన్ల గదిని సగానికి ఎలా కోస్తారో నాకు తెలీదు, నేను గుడ్డనే కోయగలను.

కొత్త డిస్కు బయటి నుంచే తీగతో తగిలించాం. ప్యాట్రన్లు తెరుచుకుంటున్నాయి. కాని కంప్యూటర్ రోగం తగ్గలేదు సరికదా, ముదిరింది. ఇప్పుడు ఎనిమిది నిమిషాలకే పోతోంది. తను లేదు, తాకినవాళ్ళు లేరు, సీలు చెక్కు చెదరలేదు. గట్టి అట్ట కాగితం పట్టీలు కోసి, పక్క రేకుల అంచులకీ, వెనక జల్లెడ చిల్లుల మీదా, కింద గాలి సందులకీ మొత్తం అంటించి, ప్రతి పట్టీ మీదా నా సంతకం పెట్టాను. చీమ కూడా దూరలేదు. అయినా ఎందుకు ముదిరింది?

ఇంకో మాట. మీరు పోయిన రెండు ఉత్తరాలూ స్కెచ్ పెన్నుతో ఎందుకు రాశారు?

మీ
సూది

*

రిపేరు బల్ల,
జూలై 8

పిచ్చి సూదీ!

దొరికింది దొంగ! నీ అట్ట కాగితమే! గాలి సందులన్నీ మూసి సంతకాలు పెట్టావు, ఇక లోపలి వేడి ఎటు పోతుంది? మనిషి ముక్కూ నోరూ మూసి, ఎందుకు ఊపిరాడట్లేదని అడుగుతావా? ఈ ఉత్తరం చేరగానే పట్టీలన్నీ పీకేయ్. ఇన్నాళ్ళ రోగమూ అదే. ఇక ఎవరినీ ఏమీ అనక్కర్లేదు.

చిన్నదాన్ని వెంటనే పిలిపించు. ఆలస్యం చేయకు. నామీద ఒట్టు.

బాల్ పెన్ను దొరకలేదు, అందుకే స్కెచ్ పెన్ను.

బాబాయ్

*

మిషన్ల గది,
జూలై 14

బాబాయ్‌కి,

పట్టీలు పీకాను. ఎనిమిది నిమిషాలు మళ్ళీ ఇరవై అయ్యాయి. ఇరవై దగ్గర ఆగాయి. నా కాగితం చేసిన పాపం పన్నెండు నిమిషాలు. మిగతాది ఎవరిది?

యంత్రం మొదటిసారి ఆగింది జూన్ రెండున. నేను సీలు వేసింది పద్నాలుగున. మీరు నా ఉత్తరాలన్నీ చదివారు, మీకు ఈ లెక్క తెలియదా? "ఇన్నాళ్ళ రోగమూ అదే" అని మీరు రాసిన చోట నేను పెన్సిలుతో గీత గీశాను. ముప్పై నాలుగేళ్ళు యంత్రాల రోగాలు చూసిన మనిషి తారీఖు తప్పుతాడా అని అక్కడే ఆగాను.

అప్పుడు మీ ఉత్తరాలన్నీ ముందేసుకుని కూర్చున్నాను. ఇన్నాళ్ళూ చిన్నదాని మీద పెట్టిన కన్ను మీ మీద పెట్టాను. నన్ను క్షమించండి, కాని పెట్టాను. వేడి సంగతి నేను జూన్‌లోనే రాశాను, వెంటనే పెడితే అయిదు నిమిషాలే, చల్లారాక పెడితే ఇరవై అని. మీరు దాని గురించి ఒక్క ముక్క రాయలేదు. ప్లగ్గు చూడమన్నారు, ర్యామ్ చూడమన్నారు, తీగ చూడమన్నారు, ఫ్యాను ఒక్కటే వద్దన్నారు. మెసేజీలు మానేశారు. నా అక్షరాలు చిన్నవన్నారు. మీ అక్షరాలు ఉత్తరానికి ఉత్తరానికీ లావెక్కుతున్నాయి.

నిన్న పక్క రేకు విప్పి ఫ్యాను చూశాను. మీరు వద్దన్నారు, అయినా చూశాను. నాకు కంప్యూటర్ తెలీదు, కాని వంకర తెలుసు. కాలరు నూలుపోగంత వంకరున్నా నా కన్ను పట్టేస్తుంది. ఆ దిమ్మ ఒక మూల పైకి లేచి ఉంది. నాలుగు మూలలా నాలుగు నల్ల గుండీలున్నాయి కదా, మూడు లోపలికి దిగి ఉన్నాయి. తలుపు వైపున్నది దిగలేదు. బొటనవేలితో నొక్కాను. టక్కుమంది.

ఆ తరువాత పెడితే నిన్నంతా ఆగలేదు. ఇవాళ పొద్దున్నుంచీ ఆగలేదు. ప్లాటర్ ఇప్పుడే ఎనిమిదో కోటు గీస్తోంది.

ఆ గుండీ చిన్నది పీకిందా, మీరు నొక్కలేదా? ఒకటే ప్రశ్న. ఈసారి బాల్ పెన్నుతోనైనా, బొగ్గుతోనైనా, సూటిగా రాయండి.

సూది

*

ఇంట్లోంచి,
జూలై 24

అమ్మా సూదీ,

నేను నొక్కలేదు.

ఈ రెండు మాటలు రాయడానికి వారం రోజులు పట్టింది. మూడు కాగితాలు చింపాను. ఇప్పుడు అంతా రాస్తాను, అక్షరాలు కొండల్లా ఉంటాయి, ఓర్చుకో.

నా కుడి కన్ను నిరుడే పోయినట్టయింది. నడుమ మసక, చుట్టూ కాస్త కనిపిస్తుంది. ఎడమది కూడా అదే దారిలో ఉంది. డాక్టరు దాచొద్దన్నా ఎవరికీ చెప్పలేదు, మీ పిన్నికి కూడా. మా వీధిలో నాకున్న పేరు నీకు తెలుసు. మూత విప్పకుండానే రోగం చెప్తాడంటారు. కళ్ళు పోయినవాడి బల్ల మీద యంత్రం ఎవరు పెడతారు? అందుకని చెవులతోనూ వేళ్ళతోనూ నెట్టుకొస్తున్నాను. స్క్రూ ఏ దారిన తిరుగుతోందో వేలికి తెలుస్తుంది. లోపలి వేడి లాగే ఆ దిమ్మ గుండీలు దిగితే టక్కుమంటాయి. నాలుగు చప్పుళ్ళు వింటే పని అయినట్టు.

ఆ రోజు మీ గదిలో మూడు చప్పుళ్ళు విన్నాను. నాలుగోది నొక్కే వేళకి మీ వాళ్ళ భోజనాలయ్యాయి, ఇరవై రెండు మిషన్లూ ఒక్కసారి మొదలయ్యాయి. ఆ మోతలో నాలుగోది విన్నాననుకున్నాను. అనుకోవాలని అనుకున్నాను. వేలితో తడిమి చూడొచ్చు, చూడలేదు, పరువు అడ్డొచ్చింది. ఎందుకంటే పక్కన చిన్నది ఉంది. ఆ మూల నెలన్నర ఎలాగో పట్టుకుని ఉండి, మెల్లగా పైకి లేచినట్టుంది.

టార్చి పట్టింది తనే సూదీ. పక్కన నిలబడింది అంతే అని నీకు అబద్ధం రాశాను. "బాబాయ్ గారూ, ఆ మూల కాస్త పైకుందేమో చూడండి" అంది. నేనేమన్నానో తెలుసా? "నీకేం తెలుసమ్మా, నువ్వు టార్చి సరిగ్గా పట్టు" అన్నాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. తరువాత స్క్రూ కోసం వెతుకుతుంటే అది నా చేతి పక్కనే ఉంది, నాకు కనిపించలేదు. తను తీసి నా అరచేతిలో పెట్టి, మెల్లగా, "మీకు కనపడట్లేదు కదూ?" అంది. నేను బతిమాలాను. నీకు చెప్పొద్దన్నాను, ఎవరికీ చెప్పొద్దన్నాను. ఆ పిల్ల టార్చి ఆర్పి, "చెప్పను. కాని నాకు భయంగా ఉంది, రోజూ ఒక కాపీ తీసి నా దగ్గర పెట్టుకుంటాను" అంది. సరేనన్నాను. నీ పదకొండేళ్ళూ బతికింది అందుకే.

స్క్రూడ్రైవర్ పట్టుకుని మోకాళ్ళ మీద ఎందుకు కూర్చుందో ఇప్పుడు అర్థమైందా? ఆ మూల నొక్కడానికి. నువ్వు వచ్చావు, ఆగిపోయింది. తరువాత నువ్వు సీలు వేశావు.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే నాకు రోగం తెలుసు. ఇరవై నిమిషాలు అన్నావు చూడు, అక్కడే తెలిసింది. రెండు ముక్కలు రాస్తే అయిపోయేది. పెన్‌డ్రైవ్ అన్నప్పుడైనా రాయాల్సింది. నువ్వు ఉత్తరంలో సగం దాచి చదివావని బాధపడ్డావు. నేను మొత్తం దాచాను, నాకంటే నువ్వే నయం. "బాబాయ్ గారు అలా రాశారా?" అని అడిగిందన్నావే, ఆ మాట చదివాక నాకు అన్నం సహించలేదు. అయినా వారం తిరక్కుండా కాగితం మీద నేరం మోపి చేతులు దులుపుకుందామనుకున్నాను. ముసలితనం వస్తే బుద్ధి వస్తుందంటారు, అది అందరికీ కాదు.

ఈ ఉత్తరం మొత్తం, ఒక్క వాక్యం కూడా వదలకుండా, అందరి ముందూ చదువు.

బాబాయ్

*

మిషన్ల గది,
ఆగస్టు 6

బాబాయ్‌కి,

చదివాను. ఒక్క వాక్యం కూడా వదల్లేదు. మీ అల్లుడు తల దించుకున్నాడు. మా మరిది మధ్యలోనే లేచి బయటికి వెళ్ళి నిలబడ్డాడు.

ఆ సాయంత్రమే నేను చిన్నది ఉన్న ఇంటికి వెళ్ళాను. తలుపు తనే తీసింది. ఆ ఉత్తరం చేతికిస్తే తీసుకోలేదు, "ఆయన రాశారా?" అంది. రాశారన్నాను. అంతా రాశారా అంటే, అంతా అన్నాను. అప్పుడు గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. దొంగ అన్నప్పుడు ఒక్క చుక్క రాలలేదు బాబాయ్, ఇప్పుడు ఏడ్చింది. నేనూ పక్కన కూర్చున్నాను. క్షమించమని అడిగాను. వీధి చివర గది అద్దెకి అడిగింది తన చెల్లెలి కోసమట. అడిగితే ఆ రోజే తెలిసేది. నేను కాజాలు కుట్టే ఆవిడ మాట విన్నాను, తనని అడగలేదు.

"ఎందుకే, నీకేమైనా రక్త సంబంధమా ఆయన? నా చేత ఒట్టేయించుకుని నాకొక్కదానికే చెప్పొచ్చు కదా?" అన్నాను. "మాటిచ్చాక ఒక్కరికి చెప్పినా చెప్పినట్టే కదక్కా" అంది. "అంతమంది ముందు అలా నిలబెడితే కూడానా?" అంటే, "ఆయన చెప్తారనుకున్నాను. రోజూ పోస్టు వచ్చినప్పుడల్లా ఇవాళ చెప్తారు, ఇవాళ చెప్తారు అనుకునేదాన్ని. నువ్వు ఉత్తరం తీసినప్పుడు కూడా అదే అనుకున్నాను" అంది.

ఈ మాట మీకు రాయాలా వద్దా అని ఆలోచించాను. మీ మీద నాకు కోపం తగ్గలేదు, అందుకని రాస్తున్నాను. నామీద నాకున్న కోపం కూడా తగ్గలేదు. మీరు మీ పరువు దాచుకోవడానికి అబద్ధమాడారు. నేను నా అనుమానం గెలవడానికి ఒక వాక్యం మింగాను. ఇద్దరం కలిసి ఆ పిల్లని ఇల్లు దాటించాం.

సోమవారం తిరిగొచ్చింది. అన్నదమ్ములు మాట్లాడుకుంటున్నారు, వాటాల మాట ఎత్తడం లేదు. ఆస్పత్రుల కోట్లు సగం పైగా అయ్యాయి. అన్నీ సర్దుకున్నాయని ఇక్కడితో ముగిద్దామనుకున్నాను.

కాని ఒకటి సర్దుకోలేదు. సోమవారం వర్కుషాపుకి రాగానే చిన్నది తిన్నగా నా కటింగ్ బల్ల దగ్గరికి వచ్చింది. సంచి జిప్పు తీసి బల్ల మీద బోర్లించింది. దువ్వెన, తాళాలు, జలుబు మాత్రలు, మావాడికి కొన్న రంగు పెన్సిళ్ళ డబ్బా. నేను చూసేదాకా ఆగింది. చూశాక ఒక్కొక్కటీ తిరిగి సంచిలో పెట్టుకుని వెళ్ళి కంప్యూటర్ ముందు కూర్చుంది. కోపం లేదు, ఎత్తిపొడుపు లేదు. మంగళవారమూ అంతే. నిన్న చెయ్యి పట్టుకుని, "వద్దే, నీకు దండం పెడతాను, నన్ను చంపకు" అన్నాను. "పర్వాలేదక్కా. ఇలా చూపిస్తే నాకు నిశ్చింతగా ఉంటుంది" అంది. నిజంగానే అంది బాబాయ్, నన్ను దెప్పడానికి కాదు.

ఇవాళ కూడా బోర్లించింది. ఇరవై రెండు మిషన్లూ ఆపి అందరూ చూశారు.

మీ కంటి డాక్టరు దగ్గరికి వెళ్ళండి, పిన్నికి చెప్పండి. తరువాత ఒకసారి ఇక్కడికి రండి. రిపేరుకి కాదు. ఈ గదిలో, అందరూ వింటుండగా, ఆ పిల్లకి చెప్పాల్సింది మీ నోటితో చెప్పండి. తన మీద ఇక ఎవరికీ అనుమానం లేదని నేను చెప్తే నమ్మడం లేదు. మీరు చెప్తే నమ్ముతుందో లేదో నాకు తెలియదు.

సూది